పాత డిస్కు గురగుర

కదిరి,
ఫిబ్రవరి 9

కేశవా,

కవరు మీద నా దస్తూరి చూసి ఎవరికేమైందో అని గుండె పట్టుకోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అక్క ఇప్పుడే టీ గ్లాసు ఠపీమని నా ముందు పెట్టి, "తమ్మునికి ఒక ఫోను కొడితే అయిపాయె కదా, కాగితాలు ఖరాబు చేస్తాండావు" అని సణుక్కుంటూ పోయింది. ఏం చేసేది? ఈ మధ్య మా వీధిలో టవరు సరిగా అందడం లేదు. నీ మాట ముద్దముద్దగా వస్తుంది. నువ్వు పంపే వాయిస్ మెసేజులు అంతకంటే ఘోరం. ఆ అరచేతి అద్దం మీద తెలుగు కొట్టడం నాకు చేతకాదు. నువ్వు హైదరాబాదులో సౌండు పనికి చేరిన కొత్తలో మనం ఉత్తరాలే కదా రాసుకున్నాం, అట్లాగే అనుకో.

విషయం మన స్టూడియో కంప్యూటరు గురించి. నీ మాట విని దసరా అయ్యాక పాత హార్డ్ డిస్కు తీసేయించి ఆ కొత్తరకం డిస్కు, ఎస్ఎస్‌డీ పెట్టించాను. మోత చేసే ఫ్యాను కూడా మార్పించాను. వేగం సంగతి ఒప్పుకుంటాను. మునుపు స్విచ్చి వేసి, బజారుకు పోయి టీ తాగి, నలుగురితో మాట్లాడి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. ఇప్పుడు కుర్చీ లాక్కునేలోపే సిద్ధం. కానీ పాతది గురగురమంటూ ఉండేది. పని చేస్తోందని తెలిసేది. పక్కన ఒక మనిషి కూర్చున్నట్టుండేది. ఇది మూగది.

మూగదైతే అయింది, దాని వెంట ఒక దరిద్రం తగులుకుంది. చిటపట. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు. దాని వెనక సన్నగా కీచుమని ఒక గీత. పాట జోరు మీద ఉన్నప్పుడు తెలియదు. పాడేవాడు ఊపిరి తీసుకునే సందులో, డప్పు ఆగిన చోట బయటపడుతుంది. పాత డిస్కు ఉన్నన్నాళ్లూ ఇది లేదు. కాబట్టి తప్పు కొత్తదానిదే.

ఇంటర్నెట్లో వెతికితే, సంగీతం పనికి వాడే కంప్యూటరులో ఎస్ఎస్‌డీ పెట్టాక బోలెడు సవరింపులు చేయాలట. ఇండెక్సింగు ఆపాలట, హైబర్నేషన్ తీసేయాలట, పేజ్ ఫైలు లేకుండా చేయాలట. ఒకడు చేయమంటాడు, ఇంకొకడు చేశావా చచ్చావు అంటాడు. నువ్వు రోజూ ఆ పెద్ద యంత్రాల మధ్య ఉంటావు కాబట్టి నీకే రాస్తున్నాను. ఏవి చేయాలి, ఏవి చేయకూడదు?

తొందర ఎందుకంటే, బాలప్ప తాత. మన మొదటి క్యాసెట్ ఆయనదే, మర్చిపోలేదు కదా? తను కట్టిన చెక్కభజన పాటలన్నీ ఒక్కసారి సాంతం రికార్డు చేయించుకోవాలని తిరుగుతున్నాడు. గొంతు ఇంకా కంచులాగే ఉంది గానీ, మధ్యలో దగ్గు వస్తోంది. ఇంకో స్టూడియోకు పొమ్మంటే, "నేను పోనప్పా, నాకు రాజేంద్ర చెవి మింద నమ్మకం" అంటాడు. ఈ చిటపట పెట్టుకుని ఆయన పాట ఎట్లా పట్టేది? ఇప్పటికే వెనక్కి పంపాను. త్వరగా రాయి.

మీ బావ,
రాజేంద్ర

హైదరాబాదు,
ఫిబ్రవరి 20

బావా, దండాలు.

నీ ఉత్తరం మా అపార్టుమెంటులో పెద్ద వింత అయింది. వాచ్‌మన్ రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు, కోర్టు నోటీసు అనుకున్నాడట. నాకు మాత్రం ఆ కవరు విప్పగానే మన స్టూడియో వాసన వచ్చింది. నీ జేబులో ఎప్పుడూ ఉండే వక్కపొడి వాసన కాబోలు.

ముందు నువ్వు అడిగిన దానికి సూటిగా చెబుతాను. ఆ సవరింపుల్లో ముప్పాతిక వంతు ఉత్తి హడావుడి. ఎస్ఎస్‌డీలు కొత్తగా వచ్చి, చిన్నగా, త్వరగా అరిగిపోతూ ఉన్న రోజుల్లో పుట్టిన భయాలవి. ఇప్పటి విండోస్‌కు అది ఎస్ఎస్‌డీ అని తెలుసు, చేయాల్సింది అదే చేసుకుంటుంది. ఇండెక్సింగు ఆపినా ఆపకపోయినా నీ పాటలో తేడా రాదు. హైబర్నేషన్ తీసేస్తే కొంచెం చోటు మిగులుతుంది, అంతే. పేజ్ ఫైలు జోలికి మాత్రం పోవద్దు. నువ్వు వాడే ఆ పెద్ద తబలా, వయొలిన్ శాంపిళ్లు తెరిచేటప్పుడు మెమరీ చాలక కంప్యూటరు కూలబడుతుంది. డ్రైవు నిండా కుక్కకుండా ఐదో వంతు ఖాళీ ఉంచు. చిటపట అంటున్నావు కాబట్టి బఫర్ పెంచి చూడు, రికార్డింగు వేళ వైఫై ఆపు, పవర్ సెట్టింగు పూర్తి బలంలో పెట్టు. ఇంతకు మించి ఏదీ అక్కర్లేదు.

బాలప్ప తాత క్యాసెట్ మర్చిపోవడమా! అప్పుడు నేను డిగ్రీ ఎగ్గొట్టి నీ దగ్గరే పడి ఉండేవాణ్ణి. గోడలకు స్పాంజి కొనే స్తోమత లేక, గోనె సంచుల్లో శెనక్కాయ పొట్టు నింపి చుట్టూ పేర్చాం. చప్పుడు గోడకు తగలకుండా చచ్చేది, మనం మాత్రం తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లం. తాత సరిగ్గా గొంతెత్తగానే సంచిలోంచి ఎలుక దూకితే, ఆయన పాట ఆపకుండానే కాలితో తోసేశాడు. "మబ్బు కొండ దాటిపాయె, మనసు యాడ దాగిపాయె" అని ఆ ఎత్తుగడ ఇప్పటికీ బాత్రూములో పాడుకుంటాను. కోరస్‌కు అమ్మాయి కావాలని నేనే అక్కను పిలుచుకొచ్చాను. పాట చక్కగా వచ్చినా, "ఇంకోసారి, ఇంకోసారి" అని నువ్వు సాయంత్రం దాకా పాడించావు. చెవి అంత నాణ్యం కాబోలని నేను మురిసిపోయాను. తర్వాత పెళ్లి మాటలు వచ్చినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు!

ఒక్క మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకు. పోయిన నెల గుత్తి వాళ్ల కోలాటం పాట నువ్వు మిక్స్ చేసింది విన్నాను. గజ్జెలు చెవిలో సూదులు గుచ్చినట్టున్నాయి. పైస్వరాలన్నీ ఎందుకంత లేపావు? నీ పని ఎప్పుడూ అట్లా ఉండదు.

అక్కను అడిగానని చెప్పు.

నీ బామ్మర్ది,
కేశవ

కదిరి,
మార్చి 12

కేశవా,

నువ్వు చేయమన్నవన్నీ చేశాను. వద్దన్నది కూడా చేశాను. పేజ్ ఫైలు తీసేస్తే ఏమవుతుందో చూద్దామని తీశాను. పాత పెళ్లిపాట ఒకటి తెరవగానే తెర నీలంగా మారి కూలబడింది. ఒక పూటంతా పోయింది. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

బఫర్ పెంచాను, వైఫై ఆపాను, ఫోను అవతలి గదిలో పెట్టాను. చిటపట ఉన్నచోటే ఉంది. అప్పుడు నాకు ఎర్తు గుంత గుర్తొచ్చింది. పాత రోజుల్లో ఇట్లాంటి గరగర వస్తే మనం ఏం చేసేవాళ్లం? పెరట్లో ఉప్పు, బొగ్గు పోసి ఎర్తు తీగ పాతిన గుంత ఉంది కదా, దాంట్లో బిందెడు నీళ్లు పోసేవాళ్లం. ఈ నేలలో తడి ఎక్కడిది? మనం పోస్తే తప్ప తీగకు తడి తగిలేది కాదు. ప్రతి రికార్డింగుకు ముందు మీ అక్క బిందె చంకనెత్తుకుని వచ్చి పోసేది. ఆ నీళ్లు పోస్తే గాని బాలప్ప తాత చెక్కలు చేతికి తీసుకునేవాడు కాదు. గంగమ్మకు ఇచ్చి మొదలుపెట్టాలి అనేవాడు. మనకేమో కరెంటు, ఆయనకేమో గంగమ్మ. రెండూ కుదిరాయి.

సరే అని పోయడం మొదలుపెట్టాను. మా బోరు ఎండిపోయింది, ట్యాంకరు నీళ్లే. పక్కింటి పుష్పావతమ్మ గోడ మీద నుంచి చూసి ఎత్తుకుంది. "ఏమప్పా రాజేంద్రా, నీకు మతి ఉండాదా ల్యాదా? ఊరంతా బిందె కోసం కొట్లాడుకుంటాంటే నువ్వు గుంతలో పోస్తాండావే! ఆడ ఏమన్నా శెట్టు నాటినావా?" అంది. మీ అక్క వచ్చి నచ్చజెప్పింది. ఆ తర్వాత నేనే పోయడం ఆపేశాను, మీ అక్కను కూడా పోయొద్దన్నాను. పోసినా చిటపట పోనప్పుడు ఎందుకు?

బాలప్ప తాత మళ్లీ వచ్చాడు. చెక్కలు గుడ్డలో చుట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "మిసను బాగయినాదా?" అన్నాడు. ఇంకా కాలేదన్నాను. అరుగు మీద కూర్చుని కాసేపు దగ్గి, మజ్జిగ తాగి బస్సెక్కాడు. నాకు సిగ్గేసింది.

గుత్తి పాట సంగతి. గజ్జెలు గుచ్చుతున్నాయా? నాకు అవి అసలు సరిపోలేదు, ఇంకా లేపాల్సింది. హైదరాబాదులో మెత్తటి పాటలు విని విని నీ చెవి మెత్తబడింది. నాకు పని నేర్పేంత వాడివి అయ్యావన్నమాట. కానీలే.

రాజేంద్ర

హైదరాబాదు,
మార్చి 24

బావా,

కోపం వస్తుందని తెలిసే రాశాను. వచ్చింది, తీరిపోయింది అనుకుంటాను.

ఇక ఊహలు వద్దు. నువ్వు మైకు పెట్టి ఎవరూ లేని గదిని కాసేపు రికార్డు చెయ్యి. ఆ తర్వాత ఎవరి చేతనైనా ఒక పాట పాడించు, అక్క పాడినా సరే. ఏమీ శుభ్రం చేయకుండా, ఏమీ లేపకుండా, రెండూ పెన్‌డ్రైవులో వేసి పంపు. చిటపట ఎక్కడ పుడుతోందో నేను పట్టుకుంటాను. ఇది మన ఇద్దరం కలిసి ఎన్నిసార్లు చేసిన పని! క్యాసెట్ డెక్కులో గరగర వస్తే నువ్వు తల పక్కకు వంచి కళ్లు మూసుకునేవాడివి. "మోటారు కాదురా, హెడ్డు దగ్గర దుమ్ము" అనేవాడివి. విప్పి చూస్తే దుమ్మే ఉండేది. నాకు ఆ విద్య నువ్వే నేర్పావు.

కేశవ

కదిరి,
ఏప్రిల్ 5

కేశవా,

పెన్‌డ్రైవు పంపుతున్నాను. ఖాళీ గది రికార్డింగులో చిటపట ఘోరంగా ఉంది, నీకు చెవి పెట్టగానే తెలుస్తుంది. పాట మీ అక్కదే. వంట మధ్యలో పిలిచానని తిట్టుకుంటూ పాడింది. అయినా గొంతు ఏమీ పోలేదు, చూడు.

ఎండలు మండుతున్నాయి. త్వరగా తేల్చు.

రాజేంద్ర

హైదరాబాదు,
ఏప్రిల్ 21

బావా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఒత్తిడి.

అందులో కొన్ని ముక్కలు చూశాను. ఇంకా పూర్తిగా తేలలేదు. మూడు చిన్న ముక్కలు తయారు చేసి అదే పెన్‌డ్రైవులో వేసి పంపుతున్నాను. ఒక్కొక్కటి విని, ఏ ముక్కలో చిటపట ఉంది, ఎందులో ఎక్కువ అని రాయి. మీ కంప్యూటరులో ఒకసారి, అక్క ఫోనులో ఇంకోసారి విను. తొందరపడి రాయొద్దు.

అక్క పాట చాలా బాగుంది. రెండో చరణం దగ్గర నవ్వు ఆపుకుంటూ పాడింది. నువ్వు ఏం చేసి నవ్వించావు?

నీ ఆరోగ్యం ఎట్లా ఉంది? నిద్ర పడుతోందా?

కేశవ

కదిరి,
మే 3

కేశవా,

మూడింట్లోనూ ఉంది. రెండోదాంట్లో మరీ ఎక్కువ, భరించలేం. మీ అక్క ఫోనులో పెట్టినా అంతే. అంటే కంప్యూటరు పాట వినిపించేటప్పుడు చేసే తప్పు కాదు. ఎస్ఎస్‌డీ రాసుకునేటప్పుడే పాడు చేస్తోందన్నమాట.

ఇంకో రుజువు కూడా దొరికింది, విను! అటక మీద పెట్టిన పాత హార్డ్ డిస్కును ఏదో పాత పాట కోసం కిందికి దించి, తీగ తగిలించి బల్ల మీద పెట్టాను. అది గురగురమని తిరగడం మొదలుపెట్టింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది నాకు. దాన్ని అట్లాగే తిరగనిచ్చి నువ్వు పంపిన రెండో ముక్క పెట్టాను. చిటపట మాయం! తీగ పీకేశాను, మళ్లీ వచ్చింది. తగిలించాను, పోయింది. ఇప్పుడేమంటావు? పాత డిస్కు వేసుకుంటే పోయే దరిద్రాన్ని నువ్వు ఇంతకాలం సవరింపులతో తిప్పావు. రేపే మెకానిక్కును పిలిచి ఎస్ఎస్‌డీ పీకి అవతల పారేయిస్తాను.

నన్ను ఆరోగ్యం అడుగుతావేం? గుండ్రాయిలా ఉన్నాను.

రాజేంద్ర

హైదరాబాదు,
మే 14

బావా,

ఎస్ఎస్‌డీ పీకేయొద్దు. దాని తప్పేమీ లేదు. ఈ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు. పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది, భయపడి పని ఒత్తిడి అని అబద్ధమాడాను.

నువ్వు పంపిన ఖాళీ గదిలో చిటపట లేదు. మా స్టూడియోలో అతి పెద్ద స్పీకర్లలో విన్నాను. వేరేవాళ్లకు కూడా వినిపించాను. దూరంగా ఒక ఆటో పోతుంది, గోడ మీద బల్లి పలుకుతుంది, అంతకు మించి ఏమీ లేదు. అంత శుభ్రమైన రికార్డింగు ఇక్కడ కూడా చేయలేం.

నేను పంపిన మూడింట్లో రెండోది రికార్డింగే కాదు బావా. మైకు లేకుండా కంప్యూటరులోనే పుట్టించిన ఖాళీ అది. అందులో ఏ చప్పుడూ లేదు. ఉండే వీలు లేదు. నువ్వు దాంట్లోనే ఎక్కువ ఉందన్నావు, ఎందుకంటే దాంట్లోనే వేరే చప్పుడు ఏదీ లేదు.

చిటపట నీ చెవిలో ఉంది.

పాత డిస్కు, ఆ మోత ఫ్యాను ఇన్నేళ్లూ దాన్ని కప్పి ఉంచాయి. గది మూగబోయాక అది బయటపడింది. డిస్కు బల్ల మీద ఊరికే తిరుగుతుంటే చాలు పోయిందన్నావే, అది నీకు పాట వినిపించలేదు, గురగురమని తోడు ఉండింది, అంతే. గుత్తి గజ్జెలు నీకు సరిపోకపోవడం, నా మాట ఫోనులో ముద్దగా రావడం, అన్నీ ఒకటే. మీ వీధిలో టవరు బాగానే ఉంది బావా. అక్క ఫోను ఎప్పుడు చేసినా గంటలా వినబడుతుంది.

అనంతపురం పోయి చెవి డాక్టరుకు చూపించు. నేను రావాలా? ఒక్క మాట రాస్తే ఆ పూటే బస్సెక్కుతాను. నాకు వినడం నేర్పిన చెవి బావా అది. నాకు ఏడుపొస్తోంది.

కేశవ

కదిరి,
మే 22

కేశవా,

నాకు పరీక్ష పెట్టేంత పెద్దవాడివయ్యావు. సంతోషం. ఇక కంప్యూటరు సంగతి నీకు రాయను. నువ్వు రావాల్సిన పనీ లేదు.

రాజేంద్ర

హైదరాబాదు,
జూన్ 1

బావా,

తిట్టు, పడతాను. అక్కకు నేను ఏమీ చెప్పలేదు.

బాలప్ప తాతను మాత్రం ఇంకోసారి వెనక్కి పంపొద్దు. ఆయన పాటకు అడ్డం ఏదీ లేదు. మిషను బాగుంది.

కేశవ

కదిరి,
జులై 6

కేశవా,

ఇన్నాళ్లూ రాయలేదు. కోపం కొన్నాళ్లే ఉంది. ఆ తర్వాత భయం పట్టుకుంది.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ఒకనాడు బాలప్ప తాత మర్చిపోయిన చెక్కల జత బల్ల మీద కనిపించింది. మీ అక్కను పిలిచి, నా వీపు వెనక నిలబడి చెక్కలకున్న గజ్జెలు మాత్రం మెల్లగా ఊపమన్నాను. నిలబడింది. నేను ఎదురు చూస్తున్నాను. "ఊఁ, ఊపు" అన్నాను. "ఎంతసేపు ఊపేది? చెయ్యి నొస్తాంది" అంది.

తిరిగి చూస్తే ఊపుతూనే ఉంది.

మీ అక్క చెక్కలు పక్కన పెట్టి, "నాకు ఇనాయక చవితి అప్పుడే తెల్సు. కుక్కరు విజిలేస్తాంటే పక్కనే కూసోని నీకు ఇనపడల్యా" అంది. "మరి ఎందుకు చెప్పలేదే?" అన్నాను. "చెప్తే ఒప్పుకుంటావా? టవరంటావు, మిసనంటావు, ఎర్తంటావు. నీ చెవి మింద నీకెంత గర్వమో నాకు తెలీదా? నా నోటితో ఎట్ల చెప్పాల?" అంది. ఇద్దరం ఏడ్చాం. నీకు రాయడానికి సిగ్గేముంది.

అనంతపురం పోయి వచ్చాం. గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే బొత్తాం నొక్కమన్నారు. ఒకచోట నేను నొక్కకుండా కూర్చునే ఉన్నాను, గాజు అవతల మీ అక్క మొహం చూసి చప్పుడు వస్తోందని తెలిసింది. పైస్వరాలు పోయాయట. ఇన్నేళ్ల హెడ్‌ఫోన్లు, పెళ్లి బ్యాండ్లు, డప్పుల ముందు నిలబడటం. పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. చిటపట కూడా ఉంటుందట, పట్టించుకోకుండా అలవాటు చేసుకోవాలట. ఉన్నదాంతో కాస్త బాగా వినడానికి చెవికి మిషను రాసిచ్చాడు. పక్కన ఏదైనా మెత్తటి చప్పుడు ఉంటే హాయిగా ఉంటుందన్నాడు. పాత డిస్కు ఉంది డాక్టరుగారూ అంటే ఆయనకు అర్థం కాలేదు. ఇప్పుడు పని లేనప్పుడు దాన్ని బల్ల మీద తిరగనిస్తున్నాను. నేను చేసిన సవరింపులన్నింటిలో ఫలించింది ఇదొక్కటే.

తర్వాత నేనే బస్సెక్కి బాలప్ప తాత ఇంటికి పోయాను. "తాతా, మిషను బాగానే ఉండాది. నా చెవే పోతాండాది. నువ్వు ఇంకో స్టూడియో చూసుకో" అన్నాను. ఆయన మంచం మీద నుంచి లేచి నా చెవి పట్టుకున్నాడు, చిన్నపిల్లవాడి చెవి మెలిపెట్టినట్టు. "నీ చెవి పోతాండాది, నా గొంతు పోతాండాది. రెండూ ఉండంగనే కానీరా నాయనా" అన్నాడు.

నిన్న అయిపోయింది. అన్ని పాటలూ పాడాడు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగి, నీళ్లు తాగి, మళ్లీ అందుకున్నాడు. మైకులు మొదటి క్యాసెట్‌కు ఎక్కడ పెట్టామో సరిగ్గా అక్కడే పెట్టాను. తెర మీద గీతలు చూసి చప్పుడు మోతాదు సరిచేశాను. గొంతు నాకు ఇంకా బాగానే తెలుస్తుంది. గజ్జెలు వినపడలేదు, ఆయన మణికట్టు చూస్తూ కూర్చున్నాను. ఏదీ లేపలేదు, ఏదీ తగ్గించలేదు. ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాను.

మిక్సింగ్ నువ్వు చెయ్యాలి. నన్ను నమ్మి పాడాడు ఆయన, నేను నిన్ను నమ్మి పంపుతున్నాను. ఒక్క కోరిక. ఫోను చేయొద్దు. వాట్సాపులో పంపొద్దు. మొదటి పాట ఎట్లా ఉందో ఉత్తరం రాయి. నీకు వినపడింది వినపడినట్టు రాయి. నేను చదువుకుంటాను.

నీ బావ,
రాజేంద్ర

హైదరాబాదు,
జులై 19

బావా,

తలుపులు మూసి, ఫోను ఆపి, మొదటి పాట విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను, చదువుకో.

తాత గొంతు సరిగ్గా నడిమధ్య ఉంది. ఎత్తుకోవడమే కాస్త జీరగా ఎత్తుకున్నాడు, "మబ్బు కొండ దాటిపాయె" అనేసరికి జీర తొలగిపోయింది. మునుపు "దాటిపాయె" దగ్గర గొంతు పైకి విసిరేవాడు, ఇప్పుడు మెల్లగా దించాడు. నాకు ఇదే బాగుంది. నిజంగా మబ్బు పోయినట్టే ఉంది. చెక్కలు కుడివైపు నుంచి వస్తున్నాయి, కర్ర మీద కర్ర తగిలే దెబ్బ పొడిగా, నిక్కచ్చిగా ఉంది. దాని తోకలా గజ్జెలు. ఇప్పుడు అవి గుచ్చడం లేదు బావా. ఆయన చేయి కిందికి వస్తున్నప్పుడు ఘల్లుమంటాయి, పైకి లేస్తున్నప్పుడు పొడిపొడిగా రాలతాయి. రెండో చరణం ముందు దగ్గాడు. ఆ దగ్గులో కూడా తాళం తప్పలేదు, చెక్కలు నడుస్తూనే ఉన్నాయి. దాన్ని తీసేయను. చివర "దాగిపాయె" అని ఆపేశాక, ఆయన ఊపిరి వదలడం వినిపిస్తుంది. ఆ ఊపిరి తర్వాత ఏమీ లేదు. చిటపట లేదు. మన పొట్టు సంచుల గదిలో కూడా అంత మంచి మౌనం ఎప్పుడూ దొరకలేదు.

మిక్సింగులో నేను చేయడానికి పెద్దగా ఏమీ లేదు. నీ చెవి ఎక్కడికీ పోలేదు, అది నీ చేతుల్లోకి దిగింది.

ఒకటి చెప్పాలి. పాట మొదలయ్యే ముందు కొంచెం ఎక్కువ రికార్డు అయింది. నువ్వు మీట నొక్కి తాత కోసం ఎదురు చూస్తున్నట్టున్నావు. పెరటి తలుపు తీసి ఉందనుకుంటాను. బిందె రాయి మీద పెట్టిన చప్పుడు వస్తుంది, గాజులు కదులుతాయి, తర్వాత నీళ్లు. ఎండిన గుంతలో పోసిన నీళ్లు బావా, గుటగుటమని ఇంకిపోతాయే, ఆ చప్పుడు. నువ్వు పోయొద్దన్నా అక్క పోసింది. నీళ్లు ఇంకాక అక్క మాట ఒకటి ఉంది. చాలా మెల్లగా, ఎవరికీ వినపడకూడదని అన్న మాట. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పైకి లేపి విన్నాను.

"ఈ ఒక్క పాటన్నా మా ఆయనకు బాగ ఇనపడనీ గంగమ్మ తల్లీ" అంది.

నీకు వినపడి ఉండదని రాస్తున్నాను. అది తీసేయలేదు. పాట అక్కడి నుంచే మొదలవుతుంది.

నీ బామ్మర్ది,
కేశవ